జపనీస్ రాకపోయినా వండర్‌స్వాన్ కొనవచ్చా? ఏ ఆటలతో మొదలుపెట్టాలి?

చేతిలో పట్టుకుని ఆడే జపాన్ వీడియో గేమ్ యంత్రం వండర్‌స్వాన్‌ను జపనీస్ చదవడం రానివారు కొంటే ఆడుకోవడానికి ఏమైనా మిగులుతుందా, కథ ప్రధానంగా సాగే ఫైనల్ ఫాంటసీ ఆటల కోసమే దాన్ని కొనడం సబబేనా అని మీరు అడిగారు. నిస్సందేహంగా కొనవచ్చు, అయితే ఫైనల్ ఫాంటసీ కోసం మాత్రం వద్దు. ఉద్యోగరీత్యా టోక్యోలో ఉన్న కాలంలో పాత ఆటల దుకాణాల్లో దీని కార్ట్రిడ్జ్‌లను వెతికి కొనుక్కుని, ఇప్పటికీ ఆడుతున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

బందాయ్ సంస్థ దీన్ని 1999 మార్చి 4న 4,800 యెన్ల ధరకు జపాన్‌లో విడుదల చేసింది. దీని రూపకల్పనకు మూలపురుషుడు నింటెండో సంస్థలో గేమ్ బాయ్ అనే చేతి ఆట యంత్రాన్ని తీర్చిదిద్దిన గున్‌పెయ్ యొకోయ్. ఆయన 1996లో నింటెండోను విడిచి సొంత సంస్థ పెట్టుకుని ఈ పని చేపట్టారు కానీ, 1997 అక్టోబరులో రోడ్డు ప్రమాదంలో మరణించడంతో ఇది మార్కెట్లోకి రావడం చూడలేకపోయారు. ఖరీదైన కొత్త సాంకేతికత వెంట పరుగెత్తకుండా, అందరికీ అలవాటై చవకబడిన దానితోనే కొత్త ఆటను పుట్టించాలన్న ఆయన పట్టుదల ఇందులో అడుగడుగునా కనిపిస్తుంది. ఒకే ఒక్క ఏఏ బ్యాటరీతో ఇది సుమారు 30 గంటలు నడుస్తుంది; ఎడమవైపు నాలుగేసి మీటల గుత్తులు రెండు ఉండటం వల్ల అడ్డంగానూ నిలువుగానూ పట్టుకుని ఆడవచ్చు.

నా దృష్టిలో ఈ నిలువు ఆటలే దీని అసలు ఆస్తి. ముందుగా గున్‌పెయ్ కొనండి. యొకోయ్ పేరే పెట్టిన ఈ ఆటలో, కింది నుంచి ఎక్కి వస్తున్న గళ్ళలోని గీత ముక్కలను పైకీ కిందికీ మారుస్తూ, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా తెగని గీతగా కలపాలి. దీనికి ఒక్క జపనీస్ అక్షరమైనా తెలియనక్కరలేదు.

ఆ తర్వాత జడ్జిమెంట్ సిల్వర్‌స్వోర్డ్. ఇంట్లో కూర్చుని సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆటలు రాసుకోవడానికి వండర్‌విచ్ అనే కిట్‌ను మామూలు జనానికి అమ్మారు. దానితో ఒక ఔత్సాహికుడు రాసి పోటీలో నెగ్గిన ఈ విమానాల కాల్పుల ఆట, 2004లో, అంటే యంత్రం ఆయువు దాదాపు తీరిపోయాక, కార్ట్రిడ్జ్‌గా వచ్చింది. మూడు మెగాహెర్ట్జ్‌ల ప్రాసెసర్ మీద తెర నిండా తూటాలు అంత సాఫీగా కదలడం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అయితే దాని ధర మాత్రం చాలా ఎక్కువ. చవకలో కావాలంటే క్లొనోవా అనే ఆట తీసుకోండి, కథ అర్థం కాకపోయినా ఆట సాగిపోతుంది.

ఇక ఫైనల్ ఫాంటసీ సంగతి. ఆ ఆటలు చేసే స్క్వేర్ సంస్థ, నింటెండోకు పోటీ అయిన సోనీ ప్లేస్టేషన్ వైపు వెళ్ళాక నింటెండోతో దాని సంబంధాలు చెడిపోయాయి, అందువల్లనే మొదటి భాగం 2000 డిసెంబరులో, రంగుల తెర ఉన్న వండర్‌స్వాన్ కలర్ మోడల్‌తో పాటు కొత్త రూపంలో వచ్చింది. రెండు, నాలుగు భాగాలు కూడా వచ్చాయి. ప్రకటించిన మూడో భాగం రానే లేదు. ఇవి ఆద్యంతం సంభాషణలతో నడిచే ఆటలు, పైగా ఇంగ్లీషులో ఇతర యంత్రాల మీద తేలికగా దొరుకుతాయి. రివియేరా అనే ఆట కూడా ఈ యంత్రం మీదే పుట్టింది కానీ, దాన్ని నింటెండో వారి గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద ఇంగ్లీషులో ఆడటమే మేలు.

మీకు ఆసక్తి కలిగించే విశేషం ఒకటుంది: ఈ యంత్రం తన యజమాని పేరు, పుట్టినరోజుతో పాటు రక్తపు గ్రూపును కూడా దాచుకుంటుంది. రక్తపు గ్రూపును బట్టి స్వభావం చెప్పవచ్చన్న నమ్మకం జపాన్‌లో బాగా ప్రచారంలో ఉంది.

కొనేటప్పుడు కలర్ గాని, 2002లో వచ్చిన స్వాన్‌క్రిస్టల్ మోడల్ గాని ఎంచుకోండి, ఎందుకంటే నలుపు తెలుపు మోడల్ మీద కలర్ కోసమే చేసిన ఆటలు నడవవు. తెర మీద మచ్చలుంటే, లేదా వెనిగర్ వాసన వస్తుంటే, తెర మీద బొమ్మ కనబడేలా కాంతిని వడగట్టే లోపలి పోలరైజర్ పొర పాడవుతున్నట్టే. హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం యంత్రానికి లేదు, దానికి విడిగా అడాప్టర్ కావాలి. అమ్మేవారి దగ్గర ఉంటే యంత్రంతో పాటే అడిగి తీసుకోండి.