జర్మనీ ఉద్యోగానికి ముందు ఒక్కరే వెళ్లాలా, కుటుంబంతో కలిసి వెళ్లాలా?

జర్మనీలో ఉద్యోగం ఖాయమైందనీ, భార్యనూ నాలుగేళ్ల పాపనూ మొదటి రోజే వెంట తీసుకువెళ్లాలా, కొన్నాళ్లు ఆగి పిలిపించుకోవాలా అనీ మీరు అడిగారు. మేము 2019 సెప్టెంబరులో హైదరాబాదు నుంచి స్టుట్‌గార్ట్‌కు ముగ్గురమూ ఒకే విమానంలో వెళ్లాము. మా పాపకు కూడా అప్పటికి నాలుగేళ్లే. నన్నడిగితే, మీరు ముందుగా వెళ్లి, అద్దె ఇల్లు చేతికి వచ్చాకే వారిని రప్పించుకోవడం మంచిది. అయితే ఆ ఎడబాటు మూడు నాలుగు నెలలు దాటకుండా చూసుకోవాలి.

అక్కడ ఏ పని కదలాలన్నా ముందు చిరునామా ఉండాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయానికి వెళ్లి పేర్లు నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం లేనిదే ఆ నమోదు జరగదు, నమోదు జరగనిదే పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో రాదు, ఆ సంఖ్య లేకపోతే జీతంలో పన్నును అన్నిటికంటే ఎక్కువ రేటున కోస్తారు. మేము మొదట దిగిన తాత్కాలిక వసతి యజమాని ఆ కాగితం ఇవ్వనని తేల్చి చెప్పాడు. దాంతో ఆరు వారాలపాటు పాపను కిండర్‌గార్టెన్ వరుసలో చేర్పించడం కూడా కుదరలేదు. నేను ఒక్కడినే ఉండి ఉంటే ఏదో ఒక గదిలో సర్దుకునేవాడిని.

ఇల్లు దొరకడం తేలిక కాదు. యజమానులు మూడు నెలల జీతం చీటీలు అడుగుతారు, కొత్తగా దిగినవాడి దగ్గర అవి ఉండవు. అడ్వాన్సు మూడు నెలల మూల అద్దెకు మించకూడదని చట్టం ఉంది కానీ, చాలామంది ఆ మూడు నెలలూ నిండుగానే అడుగుతారు. చివరికి ఇల్లు దొరికి తలుపు తీసి చూస్తే, వంటగదిలో సింకు లేదు, పొయ్యి లేదు, అల్మరాలు లేవు. గోడలోంచి మూతలు బిగించిన రెండు నీటి గొట్టాలు, పైకప్పు నుంచి వేలాడుతున్న తీగలు మాత్రం ఉన్నాయి. అక్కడ చాలా ఇళ్లలో వంటగది సామాను అద్దెదారుదే, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పట్టుకుపోతారు. కొత్త సామాను బిగించేదాకా, దాదాపు నెల రోజులు, అట్టపెట్టె మీద ఇండక్షన్ స్టవ్ పెట్టి వండుకున్నాము. స్నానాల తొట్టి పక్కన కూర్చుని పప్పు గిన్నె తోముతూ నా భార్య, "మియాపూర్‌లో శుభ్రమైన ఇల్లు ఖాళీ చేసి వచ్చింది ఇందుకేనా అండీ?" అని అడిగిన సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. అక్కడి అపార్ట్‌మెంట్లలో తలుపులకు సాధారణంగా నంబర్లు ఉండవు. పోస్టుమ్యాన్ పెట్టె మీది ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు. నా భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, పెట్టె మీద నా ఇంటిపేరు మాత్రమే అంటించాను. ఆమె ఆరోగ్య బీమా కార్డు రెండుసార్లు వెనక్కి పోయింది. కాబట్టి పెట్టె మీదా, కాలింగ్ బెల్ మీదా ఇద్దరి ఇంటిపేర్లూ ఉండాలి. బయలుదేరే ముందే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి పెళ్లి ధ్రువపత్రం తీసుకుని, పాప జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉందేమో చూసుకోండి.

జీతం ఎక్కువని ప్రైవేటు బీమా వైపు మొగ్గకండి. ప్రభుత్వ వ్యవస్థలోని బీమాలో ఉద్యోగం లేని భార్యకూ, పిల్లలకూ అదనపు చందా లేకుండానే రక్షణ ఉంటుంది. ప్రైవేటులో తలకొక చందా కట్టాలి. పిల్లల భత్యం 2025లో నెలకు 255 యూరోలు. దరఖాస్తు ఆలస్యమైతే వెనకటి ఆరు నెలలకు మించి ఇవ్వరు. పన్ను సంగతికొస్తే, మీ భార్య డిసెంబరు 31లోగా వచ్చి అక్కడ నివాసం ఏర్పరచుకుంటే ఆ ఏడాదికి ఉమ్మడి రిటర్ను వేసుకునే వీలుంటుంది కనుక, విడిగా ఉన్న నెలల్లో ఎక్కువగా కోసిన పన్నులో కొంత తిరిగి వస్తుంది.

బ్లూ కార్డు, అంటే ఉన్నత విద్యార్హతలున్న ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, దాని మీద వెళ్లేవారి భార్యకు వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కరలేదు, వెళ్లగానే ఉద్యోగం చేసుకునే హక్కు కూడా ఉంటుంది. ఆ సడలింపు చూసుకుని మేము భాష సంగతే మరిచాము, అది మా పెద్ద పొరపాటు. ఇక్కడ అకౌంట్స్ ఉద్యోగం చేసిన నా భార్య అక్కడ రెండేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. మీరు ముందు వెళ్లే ఆ మూడు నెలల్లో మీ భార్య హైదరాబాదులో జర్మన్ నేర్పే గోథే సెంటర్‌లో తొలి మెట్టు పూర్తి చేసుకుంటే, డాక్టరు దగ్గరా దుకాణంలోనూ మీ కోసం ఎదురుచూడాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

పాప గురించి మాత్రం భయపడకండి. కిండర్‌గార్టెన్‌లో చేర్చాక మొదటి రెండు మూడు వారాలు తల్లో తండ్రో కూడా అక్కడే కూర్చోవాలి, దానికి సెలవు దాచుకోండి. మా పాప నాలుగు నెలలు అక్కడ నోరు విప్పలేదు. ఒక రాత్రి తన బొమ్మను దుప్పట్లో చుట్టి, టీచరు గొంతుతో "యెట్స్ట్ ఇస్ట్ ష్లుస్", అంటే ఇక చాలు అని గదమాయించింది.

ఇదంతా చదివి నా భార్య, ఆ తొలి నెలల్లో నాన్న కనిపించకపోతే పిల్ల బెంగ పెట్టుకునేదనీ, కలిసి వెళ్లడమే నయమనీ ఇప్పటికీ అంటోంది. ఆ మాటా తీసివేయదగినది కాదు. అందుకే ఇల్లు దొరికిన వారంలోనే వారికి టికెట్లు తీయండి, వంటగది పూర్తయ్యేదాకా ఆగకండి.