కుక్కకు బొచ్చు ఊడిపోతోందా? నూనె వెతికే ముందు, ఇప్పటిదాకా రాసిన క్రీమ్ ఏమిటో చూడండి

ప్రశ్న: మా దగ్గర ఏడేళ్ల మగ పొమేరేనియన్ ఉంది. బరువు సుమారు 4 కిలోలు. ఆరు నెలల క్రితం దాని కంటి పక్కన చిన్న గుండ్రని మచ్చలా బొచ్చు ఊడింది. మా ఇంట్లో చర్మవ్యాధికి వాడే క్రీమ్ రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. అందుకని నాలుగు నెలలుగా ఎక్కడ ఊడితే అక్కడ అదే రాస్తున్నాం. మూడు నెలలుగా తొడల వెనక, తోక మీద, నడుముకు రెండు పక్కలా జుట్టు పలచబడి చర్మం నల్లబడుతోంది. దురద లేదు. ఆకలి బాగుంది, నీళ్లు కూడా బాగా తాగుతోంది. ఈమధ్య రాత్రిళ్లు ఇంట్లోనే మూత్రం పోస్తోంది, వయసు వల్ల కావచ్చు. ఈ జాతిలో జుట్టు ఊడడం మామూలేనని తెలిసినవారు అంటున్నారు. జుట్టు మళ్లీ రావడానికి ఏ నూనె రాయాలి, ఏ టానిక్ పట్టాలి? మా పాప చేతి మీద కూడా ఒక గుండ్రని మచ్చ వచ్చింది, దానికీ అదే క్రీమ్ రాస్తున్నాం.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగినది నూనె గురించి, టానిక్ గురించి. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆందోళన కలిగించినవి మీరు మాటవరసకు రాసిన మూడు సంగతులు. ఒకటి నాలుగు నెలలుగా రాస్తున్న క్రీమ్, రెండోది నీళ్లు బాగా తాగడం, మూడోది రాత్రిళ్లు ఇంట్లో మూత్రం పోయడం. ఇన్నేళ్లూ బయటికి వెళ్లి వచ్చే అలవాటున్న కుక్క ఉన్నట్టుండి ఇల్లు తడుపుతుంటే దాన్ని వయసు ఖాతాలో వేసేయకూడదు. పొమేరేనియన్‌కు ఏడేళ్లంటే ముసలితనం కూడా కాదు. అందుకే జుట్టు సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు ఈ మూడింటి గురించి రాస్తాను. కుక్కను కళ్లతో చూడకుండా, చేత్తో తడిమి పరీక్షించకుండా రాస్తున్న మాటలివి. వీటిని రోగనిర్ధారణగా తీసుకోవద్దు. మీ పశువైద్యుడికి ఏం చెప్పాలో, ఆయనను ఏం అడగాలో తెలియడానికి మాత్రం పనికొస్తాయి.

ముందుగా ఆ ట్యూబ్ తీసి దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ వంటి పేరు ఏదైనా కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. దురద, తామర, మచ్చలు అన్నింటికీ ఒకటే మందుగా చలామణీ అయ్యే మిశ్రమ క్రీములలో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు, యాంటీబయాటిక్‌తో పాటు, ఇలాంటి బలమైన స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. రాసిన రెండు మూడు రోజులకే ఎరుపు తగ్గి హాయిగా అనిపించడానికి కారణం అదే. లోపలి కారణం తీరకపోవడంతో మచ్చ మళ్లీ వస్తుంది, మళ్లీ రాస్తాం. మీరు రాసిన "తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది" అన్న మాట మా వృత్తిలో ఉన్నవారికి ఎంతో చెబుతుంది.

కుక్క చర్మం పైపొర మన చర్మం పైపొర కంటే పలచన. పైగా రాసిన క్రీమ్‌ను కుక్క నాకుతుంది. కాబట్టి మందు చర్మం నుంచీ నోటి నుంచీ లోపలికి పోతుంది. మనిషి చేతి మీద వేలికొస మేర రాసుకునే క్రీమ్ 4 కిలోల ప్రాణికి చిన్న మోతాదు కాదు. ఇలా రోజూ నెలల తరబడి బయటినుంచి స్టెరాయిడ్ అందుతుంటే, శరీరంలో సహజంగా కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని తగ్గించుకుంటాయి. అదే సమయంలో అధిక స్టెరాయిడ్ లక్షణాలన్నీ బయటపడతాయి. దాహం, మూత్రం, ఆకలి పెరుగుతాయి. పొట్ట జారి కుండలా కనిపిస్తుంది. వెనక కాళ్లలో కండ తగ్గుతుంది. వెంట్రుకల కుదుళ్లు నిద్రావస్థలోకి వెళ్లి, దురద లేకుండా, శరీరానికి రెండు వైపులా ఒకే తీరుగా బొచ్చు పలచబడుతుంది. కొన్నిటికి చర్మంలో సున్నం పేరుకుని సుద్దముక్కల్లాంటి గట్టి గడ్డలు వస్తాయి. బయటి మందు వల్ల వచ్చిన కుషింగ్స్ అంటాం దీన్ని. మీరు "ఆకలి బాగుంది" అని సంతోషంగా రాశారు. ఈ సందర్భంలో ఆ మాట కూడా నాకు ఊరట కలిగించలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఇది చదివిన వెంటనే భయపడి క్రీమ్‌ను ఒక్కసారిగా ఆపేసి ఊరుకోవద్దు. అడ్రినల్ గ్రంథులు మందగించి ఉంటే, బయటినుంచి అందుతున్నది హఠాత్తుగా ఆగినప్పుడు కుక్క నీరసించిపోవచ్చు, వాంతులు చేసుకోవచ్చు, తిండి మానేయవచ్చు, ఒక్కోసారి కుప్పకూలవచ్చు కూడా. ఈ రోజే మీ పశువైద్యుడితో మాట్లాడి, ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్నిసార్లు, ఎంత మేర రాస్తున్నారో దాచకుండా చెప్పండి. ఎలా తగ్గించాలో, మధ్యలో మాత్ర ఏదైనా అవసరమో ఆయన నిర్ణయించాలి. ఈ నీరసం, వాంతులు, తిండి మానేయడం, కుప్పకూలడంలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఈలోగా ఇంట్లో మీరు చేయగలిగిన పని ఒకటుంది. "నీళ్లు బాగా తాగుతోంది" అన్న మాటను అంకెగా మార్చండి. పొద్దున గిన్నెలో కొలిచి నీళ్లు పోయండి, మళ్లీ పోసినప్పుడల్లా రాసుకోండి, 24 గంటల తరువాత మిగిలినది తీసివేయండి. మామూలుగా కుక్క రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల వరకు తాగుతుంది. అంటే మీ కుక్కకు 200 నుంచి 240 మిల్లీలీటర్లు. కిలోకు 100 దాటితే, అంటే మీ విషయంలో రోజుకు 400 మిల్లీలీటర్లు మించితే, అది వైద్యపరంగా అధిక దాహమే. మూడు రోజులు వరుసగా కొలిస్తే ఇంకా నయం. అయితే ఇల్లు తడుపుతోందని నీళ్లు మాత్రం తగ్గించకండి. దాహం వేస్తున్న కుక్కకు నీళ్లు ఆపడం ప్రమాదం.

ఈ దాహానికి క్రీమ్ ఒక్కటే కారణమని నేను అనడం లేదు. మధుమేహంలోనూ మూత్రపిండాల జబ్బులోనూ ఇదే కనిపిస్తుంది. మధ్యవయసు దాటిన చిన్న జాతి కుక్కలలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న కణితి వల్ల కార్టిసాల్ ఎక్కువై దానంతట అదే వచ్చే కుషింగ్స్ కూడా అరుదేమీ కాదు. అందుకే రక్త పరీక్ష, మూత్ర పరీక్ష తప్పనిసరి. అవసరమనుకుంటే అడ్రినల్ గ్రంథులను మందుతో ఉత్తేజపరిచి చూసే ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ అనే పరీక్ష చేస్తారు. అడ్రినల్ గ్రంథులు ఉత్తేజానికి స్పందించకపోతే బయటి స్టెరాయిడ్ మీద అనుమానం బలపడుతుంది. టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ పరీక్ష ఒక్కటే చేయించి, అది తక్కువగా ఉందని థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టడం మాత్రం తొందరపాటవుతుంది. స్టెరాయిడ్ వాడకమే ఆ అంకెను కిందికి లాగగలదు. క్రీమ్ సంగతి వైద్యుడికి చెప్పకపోతే ఆ పొరపాటుకు మీరే దారి వేసినవారవుతారు.

కంటి పక్కన మొదట వచ్చిన ఆ మచ్చను కూడా తేల్చాలి, ఎందుకంటే కథ అక్కడే మొదలైంది. అలాంటి చోట గుండ్రంగా బొచ్చు ఊడితే నాకు ముందుగా గుర్తుకొచ్చేవి రెండు. మొదటిది డెమోడెక్స్. వెంట్రుక కుదురులో నివసించే, కంటికి కనిపించని మైట్ ఇది. పాలు తాగే తొలి రోజుల్లోనే తల్లి నుంచి పిల్లకు చేరుతుంది. ఏడాదిలోపు పిల్లల్లో ఒకటి రెండు మచ్చలకే పరిమితమైతే చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది. పెద్ద కుక్కలో కొత్తగా కనిపిస్తే మాత్రం రోగనిరోధక శక్తి ఎందుకు తగ్గిందో వెతకాలి. రెండోది తామర, అంటే ఫంగస్. ఈ రెండింటిలో ఏదైనా స్టెరాయిడ్ పడితే బలపడుతుంది. చర్మాన్ని కాస్త లోతుగా గీకి మైక్రోస్కోప్ కింద చూసే స్కిన్ స్క్రేపింగ్‌తో డెమోడెక్స్ సాధారణంగా దొరికిపోతుంది, నిమిషాల పని అది. తామరకు వెంట్రుకలను కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచి చూసే పరీక్షకు పంపాలి, ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చగా మెరిస్తే అనుమానం పెరుగుతుంది, మెరవనంత మాత్రాన తామర లేదని చెప్పలేం. ఆరు నెలల క్రితం ఆ చిన్న మచ్చకు ఈ పరీక్షలు చేయించి ఉంటే ఈ రోజు ఇంత రాయాల్సి వచ్చేది కాదు. మిమ్మల్ని నొప్పించాలని కాదు, ఇలాంటి ట్యూబులు చేతిలో పట్టుకుని వచ్చేవారిని తరచూ చూస్తున్న బాధతో అంటున్నాను.

మీ పాప చేతి మీది మచ్చ ఇక్కడ నాకు అన్నింటికంటే తొందరగా తేలవలసిన విషయం. కుక్కకు ఉన్నది తామరే అయితే అది మనుషులకు అంటుతుంది, పిల్లలకు మరీ త్వరగా. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాస్తే మచ్చ రూపం మారిపోయి చర్మవైద్యులు సైతం గుర్తుపట్టడం కష్టమవుతుంది. పాపను చర్మవైద్యుడికి చూపించండి, ఇంట్లో కుక్కకు బొచ్చు ఊడుతోందని, ఏ క్రీమ్ రాశారో ఆయనకు తప్పక చెప్పండి. పాపకు ఏం రాయాలో నేను చెప్పడం తగదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా కుక్కను పాప పక్క మీదికి రానివ్వకండి, ఊడిన వెంట్రుకలను రోజూ శుభ్రం చేయండి, దుప్పట్లు వేరుగా ఉతకండి. ఫంగస్ బీజాలు రాలిన వెంట్రుకల్లో నెలల తరబడి బతికి ఉంటాయి.

తెలిసినవారు చెప్పిన మాటలోనూ నిజం లేకపోలేదు. పొమేరేనియన్లలో అలోపీషియా ఎక్స్ అనే పరిస్థితి ఉంది. దురద లేకుండా తొడల వెనక, తోక, ఒంటి మీద బొచ్చు ఊడి చర్మం నల్లబడుతుంది, తల, ముందు కాళ్లు మామూలుగానే ఉంటాయి. వినడానికి మీ కుక్క సంగతిలాగే ఉంది. కానీ అది సాధారణంగా యౌవనంలో మొదలవుతుంది, ఆ కుక్కలు మిగతా అన్ని విధాలా ఆరోగ్యంగా ఉంటాయి, దాహం పెరగదు. అన్నిటికంటే ముఖ్యంగా, మిగతా కారణాలన్నింటినీ పరీక్షలతో కొట్టివేసిన తరువాతే వేయవలసిన పేరు అది. నిజంగా అదే అని తేలితే అందం తగ్గడం తప్ప కుక్కకు హాని లేదు. సంతాన సామర్థ్యం తొలగించే శస్త్రచికిత్స తరువాత కొన్ని మగ కుక్కలకు జుట్టు తిరిగి వస్తుంది, మెలటోనిన్ అనే హార్మోన్ మందుతో కొన్నిటికి వస్తుంది, కొన్నిటికి ఏం చేసినా రాదు. మెలటోనిన్ పేరు విని మనుషులు తినే చప్పరింపు మాత్రలు తెచ్చి పెట్టకండి. వాటిలో కొన్నింటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషం. మగ కుక్క కాబట్టి వృషణాలు రెండూ కిందికి దిగి ఉన్నాయో లేదో కూడా చూపించండి. కడుపులో ఉండిపోయిన వృషణంలో కణితి వచ్చినా హార్మోన్ల తేడాతో ఇలాగే బొచ్చు ఊడుతుంది.

చిన్న కుక్కలు పెంచుతున్న ఇతర పాఠకులకూ ఒకటి రెండు మాటలు. టీకా వేసిన చోట కొన్ని వారాలకో నెలలకో నాణెమంత బోడి మచ్చ ఏర్పడడం పూడిల్, యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్ వంటి జాతుల్లో కనిపిస్తుంది. చాలామందికి టీకా సంగతి అప్పటికి గుర్తుండదు. నడినెత్తిన జుట్టు లాగి గట్టిగా రబ్బరు బ్యాండు వేస్తే అక్కడే బోడి అవుతుంది. దట్టమైన బొచ్చును మెషీన్‌తో చర్మం దాకా తీసేస్తే ఏడాది దాకా సరిగా పెరగకపోవచ్చు. తోక మొదట్లో, నడుము మీద ఊడి కుక్క అక్కడ కొరుక్కుంటుంటే ముందు ఒంటి మీది పురుగులను చూడాలి. ఇంట్లో ఎవరైనా చేతులకు హార్మోన్ జెల్ రాసుకుంటుంటే, ఆ చేతులు నాకిన కుక్కకు జుట్టు ఊడడం, చనుమొనలు ఉబ్బడం జరగవచ్చు.

ఇక నూనె సంగతి. ఏ నూనే వద్దు. ఊడిన కుదురును నూనె లేపలేదు, పరీక్షకు తీసే నమూనాను మాత్రం పాడుచేస్తుంది. మనుషుల జుట్టుకు వాడే మినాక్సిడిల్ కుక్కల గుండెకు ప్రమాదకరం. టీ ట్రీ నూనె కొద్ది మోతాదులోనే చిన్న కుక్కలకు విషమవుతుంది. సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రియాల్ క్రీమ్ ట్యూబ్‌ను కుక్క కొరికితే ప్రాణం మీదికి రావచ్చు. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందును కంటి అంచనాతో తీసి 4 కిలోల కుక్కకు వేసేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. టానిక్ విషయానికొస్తే, సమతుల ఆహారం తింటున్న కుక్కకు దానితో జుట్టు రాదు, మరో నెల ఆలస్యం మాత్రం అవుతుంది.

ఆసుపత్రికి వెళ్లేముందు రెండు మూడు రోజులు స్నానం చేయించకండి, మందు షాంపూ అసలు వాడకండి. క్రీమ్ ట్యూబ్, ఇదివరకు రాసినవి ఏమైనా ఉంటే వాటి డబ్బాలు, మచ్చ మొదలైనప్పటి ఫోటోలు, పొద్దున పట్టిన మూత్రం నమూనా, నీళ్ల లెక్క రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. కారణం క్రీమే అని తేలి, సరైన పద్ధతిలో మాన్పిస్తే బొచ్చు సాధారణంగా కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. కొత్త వెంట్రుకల రంగు కొద్దిగా తేడాగా ఉన్నా కంగారు పడకండి. పరీక్షల ఫలితాలు వచ్చాక, పాపకు వైద్యులు ఏం చెప్పారో కూడా కలిపి మళ్లీ రాయండి.