బీఈడీ ఎత్తేస్తున్నారని అడ్వాన్సు కట్టకండి

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. లెక్కల టీచర్ అవుతానంటోంది. డిగ్రీ చేయించి ఆ తర్వాత బీఈడీ చేయిద్దామనుకున్నాం. మొన్న ఒక కాలేజీ పీఆర్వో ఇంటికి వచ్చి, బీఈడీ ఎత్తేస్తున్నారు, ఇక నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ చేసినవాళ్లకే టీచర్ ఉద్యోగాలు అన్నాడు. పది వేలు అడ్వాన్సు కడితే సీటు ఆపుతాడట. కరపత్రం ఫొటో పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పది వేలు మీ దగ్గరే ఉంచండి. ఇంటర్ మెమో, టీసీ ఒరిజినల్స్ అడిగితే అవి కూడా ఇవ్వకండి. డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో ఉంటే పిల్లను ఇంకో కాలేజీలో చేర్పించడానికి కూడా వాళ్ల చుట్టూ తిరగాలి.

పీఆర్వో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. సగం నిజం. అందుకే టెన్షన్ పెడుతోంది.

నిజంగా మూతపడుతున్న కోర్సు ఒకటుంది. అది బీఈడీ కాదు, పాత పద్ధతి నాలుగేళ్ల బీఏ-బీఈడీ, బీఎస్సీ-బీఈడీ. వీటిని నడిపే కాలేజీలు 2025-26 నుంచి కొత్త కోర్సులోకి మారాలని టీచర్ చదువులకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి, అంటే ఎన్‌సీటీఈ, చెప్పింది. ఆ కొత్త కోర్సు పేరు ఐటీఈపీ. అది కూడా నాలుగేళ్లే, ఇంటర్ తర్వాతే. సబ్జెక్టూ బోధనా రెండూ కలిపి చెబుతారు. చివరికి వచ్చే డిగ్రీ పేరు కూడా బీఎస్సీ-బీఈడీయే. పేరు ఒకటే కావడంతో ఏది పాతదో ఏది కొత్తదో మామూలు తల్లిదండ్రులకు తెలియడం కష్టం. పీఆర్వోలకు పని దొరికేది ఇక్కడే.

నిజానికి ఈ పద్ధతి అంత కొత్తదేమీ కాదు. మైసూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ 1963లో మొదలైంది. ఇంటర్ తర్వాత నాలుగేళ్లలో డిగ్రీ, బీఈడీ కలిపి చెప్పడానికి అది పెట్టింది పేరు. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ అదే కేంద్రం. దాన్నే ఇప్పుడు దేశమంతటికీ నమూనాగా చేస్తున్నారు అనుకోండి.

మరి రెండేళ్ల బీఈడీ సంగతి? 2020 జాతీయ విద్యావిధానం, 2030 నాటికి టీచర్‌కు కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ అంటుంది. పీఆర్వో మీకు వినిపించింది ఈ వాక్యమే. అదే పేజీలో ఇంకో మాట కూడా ఉంది. ఏదైనా సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్ల కోసం రెండేళ్ల బీఈడీ, నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్ల కోసం ఏడాది బీఈడీ నడపవచ్చని. వాటిని నాలుగేళ్ల కోర్సు ఉన్న విద్యాసంస్థల్లోనే నడపాలి. అంటే ఆ విధానం తీసేయాలంటున్నది బీఈడీని కాదు, ఒక్క బీఈడీ తప్ప ఇంకేమీ లేని కాలేజీని. రెండు గదులు, ఒక బోర్డు, అటెండెన్స్ అవసరం లేదు, ఫీజు కడితే చాలు, పరీక్షకు వస్తే చాలు అనే కాలేజీలు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో నేను చెప్పనక్కర్లేదు. ‘నాన్ అటెండింగ్ బీఈడీ’ అనే మాట మీరూ వినే ఉంటారు. అలాంటివి పోతే నేనైతే బాధపడను.

ఏడాది బీఈడీ మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. 2014 దాకా బీఈడీ ఏడాదే ఉండేది, ఆ ఏడాది వచ్చిన నిబంధనలతో రెండేళ్లయింది. మళ్లీ ఏడాది కోర్సు తెస్తామని ఎన్‌సీటీఈ 2025లో ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. అది నాలుగేళ్ల డిగ్రీగానీ పీజీగానీ చేసినవాళ్లకే. దాన్ని నమ్ముకుని ఇప్పుడు లెక్కలు వేసుకోకండి.

మీ అమ్మాయి విషయానికి వద్దాం. ఐటీఈపీలో చేరితే ఐదేళ్ల చదువు నాలుగేళ్లలో అయిపోతుంది. ఒక ఏడాది ఫీజు, హాస్టల్ మిగులుతాయి. మన దగ్గర వరంగల్ ఎన్ఐటీలో బీఎస్సీ-బీఈడీ ఉంది. ఈ కోర్సులో చేరడానికి ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సీఈటీ అనే ప్రవేశపరీక్ష తెలుగులో కూడా రాయవచ్చు. 2025లో అది ఏప్రిల్ 29న జరిగింది, అంటే దరఖాస్తు అంతకుముందే పెట్టుకోవాలి. మీ ఉత్తరంలో ఆ పరీక్ష మాటే లేదు కాబట్టి అమ్మాయి రాయలేదనుకుంటున్నాను. రాసి ఉంటే కౌన్సెలింగ్ కోసం ఆగండి. రాయకపోతే ఒక్క కోర్సు కోసం ఏడాది ఖాళీగా కూర్చోబెట్టమని నేను చెప్పను.

రాసినా రాయకపోయినా ముందు తేలాల్సింది ఇంకొకటుంది. ఆ పిల్లకు బోధన నిజంగా ఇష్టమేనా? పదిహేడేళ్ల వయసులో లెక్కలు ఇష్టం కావడం వేరు, లెక్కలు చెప్పడం ఇష్టం కావడం వేరు. ఈ వేసవిలో మీ వీధిలో ఆరో తరగతి పిల్లలిద్దర్ని కూర్చోబెట్టి భిన్నాలు చెప్పమనండి. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అంటే పైవి పైవి, కిందవి కిందవి కూడి ‘రెండు బై ఐదు’ అని రాసే పిల్లాడు ఒకడు తప్పకుండా దొరుకుతాడు. రెండుసార్లు చెప్పాక మూడోసారీ అదే రాస్తాడు. అప్పుడు ఆమె విసుక్కుని పెన్ను పడేస్తుందా, లేక రొట్టె ముక్క తెచ్చి కోసి చూపిస్తుందా? రెండో రకమైతే నాలుగేళ్ల కోర్సు ఆమె కోసమే. మొదటి రకమైతే డిగ్రీలో చేరడమే మేలు. మూడేళ్ల తర్వాత ఎమ్మెస్సీనా, బ్యాంకు పరీక్షలా, బీఈడీనా అన్నది అప్పటికి ఆమే తేల్చుకుంటుంది.

డిగ్రీ అయితే దోస్త్‌లో, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల్లో, ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక్కటే చూడండి, మ్యాథ్స్ చివరిదాకా ప్రధాన సబ్జెక్టుగా ఉందా లేదా. కోర్సు పేరు పక్కన కంప్యూటర్స్ ఉన్నా, డేటా సైన్స్ ఉన్నా ఫర్వాలేదు. ఫ్రెండ్స్ చేరుతున్నారని బీబీఏలోకో బీకామ్‌లోకో జారితే మాత్రం రేపు బీఈడీ ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్‌లో మ్యాథ్స్ మెథడాలజీ రాదు, లెక్కల స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్ టీచర్, పోస్టుకు దరఖాస్తూ పెట్టలేదు.

మీరు అడగలేదు గానీ ఇంకో దారి కూడా ఉంది. చిన్న పిల్లలకు చెప్పడం ఆమెకు ఇష్టమైతే డీఎడ్ ఉంది, రెండేళ్లు, ఇంటర్ తర్వాత డీసెట్ రాసి చేరాలి. బీఈడీ ఉన్నవాళ్లు ఒకటి నుంచి ఐదో తరగతి దాకా టీచర్ పోస్టులకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పిచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలో, అంటే సర్కారు టీచర్ల నియామకంలో, మొత్తం 11,062 పోస్టులైతే అందులో 6,508 ఎస్జీటీలే, అంటే చిన్న తరగతుల టీచర్లే, స్కూల్ అసిస్టెంట్లు 2,629. ఏ తలుపు వెడల్పుగా ఉందో మీకే కనిపిస్తుంది. కాకపోతే కొత్త విధానం నాలుగేళ్ల కోర్సు వైపే నడుస్తోంది కాబట్టి డీఎడ్‌తో ఆగకుండా ఆ వెంటనే డిగ్రీ కూడా చేయించాలి. ఏ దారిలో వెళ్లినా టీచర్ అర్హత పరీక్ష టెట్ తప్పదు.

ఇక కరపత్రం. పైన ఎర్ర అక్షరాల్లో ‘ఎన్‌సీటీఈ అప్రూవ్డ్’ అని ఉంది. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. ఇంటిగ్రేటెడ్ కోర్సు పక్కన ఒక చుక్క గుర్తు, పేజీ అడుగున మళ్లీ అదే చుక్క, దాని పక్కన చీమతలకాయంత అక్షరాల్లో ‘అప్లైడ్ ఫర్’ అని ఉంది. వాళ్లకు గుర్తింపు ఉన్నది మామూలు బీఈడీకి. నాలుగేళ్ల కోర్సుకు దరఖాస్తు మాత్రమే పెట్టుకున్నారు. దరఖాస్తు ఎవరైనా పెట్టుకోవచ్చు. గుర్తింపు రాకపోతే నాలుగేళ్లు చదివినా ఆ కాగితంతో డీఎస్సీకి వెళ్లలేరు. పాత కోర్సులో, గుర్తింపు ఉన్న కాలంలోనే చేరిపోయిన పిల్లలెవరైనా మీ ఊళ్లో ఉంటే వాళ్లను మాత్రం భయపెట్టకండి, వాళ్ల డిగ్రీకి ఢోకా లేదు.

పీఆర్వో మళ్లీ వస్తాడు, రాకుండా ఉండడు. చాయ్ ఇచ్చి రెండే అడగండి. నాలుగేళ్ల కోర్సుకు ఎన్‌సీటీఈ ఇచ్చిన గుర్తింపు ఉత్తర్వు కాపీ ఒకటి, సీటు ఏ ప్రవేశపరీక్ష మీద ఇస్తున్నారన్నది రెండోది. ఉత్తర్వులో కోర్సు పేరు, ఏ సంవత్సరం నుంచి, ఎన్ని సీట్లు అన్నవి స్పష్టంగా ఉంటాయి. ‘వచ్చే వారం వచ్చేస్తుంది సార్’ అంటే వచ్చాకే రమ్మనండి. కాపీ తెస్తే ఫొటో తీసి నాకు పంపండి, చూసి చెబుతాను.