ద్రౌపది జుట్టు, క్లింగాన్ల నుదురు

అరవై ఏళ్ళుగా ఎందరో రచయితల చేతులు మారుతూ సాగుతున్న సైన్స్ ఫిక్షన్ కథల్లో ముందు చెప్పినదానికీ తర్వాత చెప్పినదానికీ పొంతన కుదరకపోతే అభిమానులు ఎందుకంత పట్టించుకుంటారు, అంతా కల్పనే కదా అని మీరు అడిగారు. ఇరవై ఏళ్ళుగా ఈ కథలను చూస్తూ, వాటి కాలక్రమాన్ని నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చినవాడిగా నా అనుభవం చెబుతాను. అభిమానులు పొరపాట్లన్నిటినీ ఒకే త్రాసులో తూచరు. కొన్నిటిని ముచ్చటగా చెప్పుకుంటారు, కొన్నిటిని తామే సర్దుకుంటారు, కొన్నిటికి మాత్రం మనసారా నొచ్చుకుంటారు. ఆ తేడా నాకు మొదట తెలిసింది చిత్తూరు దగ్గర మా ఊళ్ళో, ధర్మరాజుల గుడి తిరునాళ్ళలో.

మా వైపు ఈ గుళ్ళున్న ఊళ్ళలో భారతం పెడితే పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం నడుస్తాయి. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరగా నేల మీద మట్టితో పోసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుంది. మా అవ్వకు చదువు రాదు గానీ ఒక్క రాత్రి నాటకాన్ని కూడా వదిలేది కాదు. ద్రౌపది వేషం మొదటి జాములో ఒకరు, తెల్లవారుజామున మరొకరు కట్టేవారు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి, గొంతులకు పోలికే ఉండేది కాదు. అవ్వకు అదేమీ పట్టేది కాదు. అయితే ఒక ఏడాది, కర్ణుడు పడే రాత్రి, ద్రౌపది వేషధారి కొప్పు ముడుచుకుని, అందులో కనకాంబరాలు తురుముకుని తెర వెనక నుంచి వచ్చాడు. అవ్వ చాప మీద నుంచి లేచి నిలబడి, "దుర్యోధనుడు ఇంకా పడలేదే, నువ్వెట్ల కొప్పు పెట్టుకుంటివి నాయనా?" అని గట్టిగా అడిగింది. నాటకం ఆగిపోయింది. అతడు లోపలికి వెళ్ళి, పూలు తీసి, జుట్టు విప్పుకుని వచ్చాకే మద్దెల మళ్ళీ మొదలైంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మా భారతంలో ద్రౌపది నిండు సభలో పట్టిన శపథం తీరేదాకా జుట్టు ముడవదు. ఆ విప్పిన జుట్టు కనబడుతున్నంతసేపూ ఆమెకు జరిగిన అవమానం ఇంకా లెక్కలో ఉన్నట్టు. వేషం కట్టిన మనిషి మారితే కథకు వచ్చిన నష్టం ఏమీ లేదు, కానీ వేళ కాని వేళ కొప్పు ముడిస్తే ఆ సభలో జరిగినది జరగనట్టే అయిపోతుంది. సినిమావాళ్ళు కంటిన్యుటీ అని బొట్టూ చొక్కా రంగూ రాసుకుంటారు. అవ్వ చూసిన పొంతన అంతకంటే లోతైనది. సైన్స్ ఫిక్షన్ అభిమానులు వెతికేదీ దాన్నే అని నా నమ్మకం.

2006 ప్రాంతంలో తిరుపతిలో యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు, నేనూ నా గదిలో ఉండే స్నేహితుడూ కలిసి, ఒక అంతరిక్ష ఓడ ప్రయాణాలతో మొదలైన అమెరికన్ టీవీ కథల వరుస స్టార్ ట్రెక్‌ను మొదటి నుంచి చూశాము. రెండు వందల పేజీల గీతల నోటు పుస్తకంలో ఖాయమైన సంగతులను పెన్నుతో, అనుమానం ఉన్నవాటిని పెన్సిలుతో రాసేవాళ్ళం. 1966లో ప్రసారమైన ఒక తొలి కథలో ఆ ఓడను నడిపే కెప్టెన్ కర్క్ పేరు సమాధి రాతి మీద జేమ్స్ ఆర్. కర్క్ అని ఉంటుంది. తర్వాత అన్నిచోట్లా అది జేమ్స్ టి. కర్క్. దాన్ని పెన్సిలుతో రాసి నవ్వుకుని ఊరుకున్నాము. ఒక అక్షరం తేడా వల్ల కర్క్ పడిన కష్టమేదీ చెరిగిపోదు.

అవే కథల్లో వచ్చే వేరే గ్రహపు జాతి క్లింగాన్ల నుదురు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. అరవైలలో వాళ్ళు కాస్త రంగు పూసిన మామూలు మనుషుల్లా కనిపించేవారు. 1979 సినిమాలో నుదుటి మీద ఎముక గట్లతో ప్రత్యక్షమయ్యారు. చేతిలో డబ్బు ఉండడమే అసలు కారణమని అందరికీ తెలుసు. అయితే 1996లో, అప్పటి కొత్త సిరీస్ పాత్రలు కాలంలో వెనక్కి వెళ్ళి పాత క్లింగాన్లను ఎదురుగా చూసే ఒక కథ వచ్చింది. పక్కనున్నవాళ్ళు వింతగా చూస్తే, క్లింగాన్ అయిన వోర్ఫ్ ఆ విషయం తాము బయటివాళ్ళతో మాట్లాడమని ఒక్క ముక్క అని ఊరుకుంటాడు. 2005లో మరొక రచయితల బృందం రెండు భాగాల కథ రాసి, జన్యు ప్రయోగం వికటించి వైరస్ పాకడంతో ఆ గట్లు పోయాయని వివరించింది. నా స్నేహితుడు సంతోషించి వెంటనే దాని మీద పెన్ను దిద్దాడు. నాకు మాత్రం 1996 నాటి ఆ ఒక్క ముక్కే ఇప్పటికీ గొప్పగా తోస్తుంది, ఎందుకంటే మేకప్ గదిలో పుట్టిన తేడాను అది ఒక గర్విష్ఠి జాతి దాచుకునే అవమానంగా మార్చింది. ఈ వాదన ఒక రాత్రి మెస్ మూసేదాకా సాగి, ఇద్దరమూ తినకుండా పడుకున్నాము.

పాత మాటను అప్పుగా భావించి తీర్చిన రచయితలూ ఉన్నారు. డాక్టర్ అనే పాత్ర కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే బ్రిటిష్ టీవీ కథ డాక్టర్ హూ 1963లో మొదలైంది. 1966లో ప్రధాన నటుడు తప్పుకోవలసి రావడంతో, ఆ పాత్ర ప్రాణం పోయే సమయంలో కొత్త శరీరంతో మళ్ళీ పుడుతుందని కల్పించారు. 1976లో ఒక కథలో ఇలా మారడం పన్నెండు సార్లే సాధ్యమన్నారు. ఆనాడు అప్పటికి నాలుగో నటుడే నటిస్తున్నాడు కాబట్టి పదమూడో మనిషి దాకా కథ నడుస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. ముప్పై ఏడేళ్ళ తర్వాత ఆ గడువు దగ్గరపడింది. ఆ మాటను మరచిపోయినట్టు నటించినా అడిగేవారు కొద్దిమందే. అయినా 2013 క్రిస్మస్ కథలో డాక్టర్ ఇదే తన ఆఖరి జన్మ అని తెలిసి, ఒక చిన్న ఊరిని కాపాడుతూ ముసలివాడై, చావుకు సిద్ధపడతాడు. 2008లో ముఖం మారకుండానే జరిగిన ఒక మార్పును కూడా ఆ పన్నెండు లెక్కలో కలిపారు. చివరి క్షణంలో అతడి జాతివారు మరో దఫా జన్మలు ప్రసాదిస్తారు. పాత నియమాన్ని దాటారు, కానీ దాని బరువును పాత్ర చేత మోయించిన తర్వాతే దాటారు. అందుకే నాకు తెలిసిన అభిమానులలో ఎవరూ దాన్ని తప్పుపట్టలేదు.

ఇక నొచ్చుకోవడం. నా స్నేహితుడు స్టార్ వార్స్ సినిమాల కథను కొనసాగించే నవలలను సెకండ్ హ్యాండ్‌లో ఒక్కొక్కటిగా కూడబెట్టాడు. 1999లో వచ్చిన ఒక నవలలో, నాయకుల్లో ఒకడైన హాన్ సోలోకు ప్రాణస్నేహితుడు చ్యూబాకా చనిపోతాడు; ఒక చంద్రుడు వచ్చి గ్రహం మీద పడుతుంటే హాన్ కొడుకును ఓడలోకి చేర్చి, తాను వెనకబడిపోతాడు. ఆ తర్వాతి పుస్తకాలలో హాన్ ఆ దుఃఖంతో కుటుంబానికే దూరమవుతాడు. 2014 ఏప్రిల్‌లో, కొత్త సినిమాలకు దారి కోసం, ఆ నవలలన్నీ ఇకపై గాథలు మాత్రమే, అసలు చరిత్రలో భాగం కావని ప్రకటన వచ్చింది. 2015 సినిమాలో చ్యూబాకా హాన్ పక్కనే నడిచి వచ్చాడు. తిరుపతి థియేటర్‌లో జనం ఈలలు వేస్తుంటే నా స్నేహితుడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చ్యూబాకా బ్రతికాడన్నది అతడి బాధ కాదు. హాన్‌తో పాటు తాను పడిన దుఃఖానికి ఇక చోటు లేకుండా పోయింది. కథ చెప్పేవారికి కొత్త దారి అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆ బాధను చాదస్తమని తీసిపారేయలేను.

చేతులు మారిన కథను ఎలా అందుకోవాలో మన భాషలో ఎర్రన చూపించాడు. పదకొండో శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో, శరత్కాలపు రాత్రులను వర్ణించే పద్యంతో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీని వదిలి విరాటపర్వం నుంచి రాశాడు. ఎర్రన పద్నాలుగో శతాబ్దంలో ఆ మిగిలిన భాగాన్ని అదే శరత్కాలపు ఉదయాల వర్ణనతో అందుకున్నాడు. నన్నయ ఆపిన రాత్రి ఎర్రన దగ్గర తెల్లవారింది. కృతిని కూడా నన్నయ రాజైన రాజరాజ నరేంద్రుడి పేరనే అంకితం చేశాడు. అభిమానులు కొత్త రచయితలను అడిగేది ఇంతే: నిన్న రాత్రి ఎక్కడ ఆగిందో చూసుకుని మొదలుపెట్టమని.

ఆ నోటు పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. 2020లో డాక్టర్ హూ ఒక కథలో, మనం మొదటివాడనుకున్న డాక్టర్‌కు ముందే ఎన్నో జన్మలు ఉన్నాయనీ, వాటి జ్ఞాపకాలను చెరిపేశారనీ చెప్పారు. మరచిపోయిన ఆ జన్మల బరువును ముందుముందు పాత్ర మోస్తుందా, లేక అది ఒక రోజు ఆశ్చర్యంగానే మిగిలిపోతుందా అన్నది చూడాలి. ఆ వాక్యాన్ని పెన్సిలుతోనే రాసి ఉంచాను.