ఆ ప్రశ్న అడగాల్సింది మీ అమ్మాయిని కాదు

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్‌కి (కామిక్స్ అభిమానుల వేడుక), కామిక్స్‌లోని ఆడ సూపర్‌హీరో వండర్ ఉమన్ వేషంలో వెళ్తానని రెండు నెలలుగా డ్రెస్సు తనే కుట్టుకుంటోంది. భుజాలు, తొడలు కనిపించే డ్రెస్సు. వాళ్ల నాన్న చూసి కేకలేశారు. పది రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. టెన్త్ చదివే మా అబ్బాయి ఫోన్‌లోనూ ఇలాంటి బొమ్మలే చూశాను, సిగ్గేసింది. మగవాళ్లు చూడటానికి గీసిన బట్టలు తొడుక్కోవడం స్వేచ్ఛ ఎలా అవుతుంది? నేను ఎవరి పక్షం మాట్లాడాలి?

జవాబు: అమ్మా, ఆ బొమ్మలు చూసి మీరు ఇబ్బంది పడ్డారంటే అది ఛాదస్తం అనుకోకండి. కామిక్స్ అంటే ప్రాణం పెట్టే ఆడవాళ్లే ఏళ్లుగా దీని మీద పోట్లాడుతున్నారు. మగ హీరోని యుద్ధానికి సిద్ధమైనట్టు గీస్తారు. పక్కనున్న ఆడ హీరోని మాత్రం ఛాతీ, పిరుదులు రెండూ ఒకేసారి కనబడేలా నడుం మెలితిప్పి గీస్తారు. అలా తిరగడం మనిషి వెన్నెముక వల్ల కాదు. 2012లో కొందరు అభిమానులు అవే భంగిమల్లో హాక్‌ఐ అనే మగ హీరోని గీసి చూపించారు. ఆ బొమ్మలు చూస్తే ఇక వివరణ అక్కర్లేదు.

వండర్ ఉమన్ విషయంలోనూ ఈ గొడవ ఉంది. 1941లో ఆమెని సృష్టించిన విలియం మార్‌స్టన్ సైకాలజిస్టు. ఆడపిల్లలు చూసి ధైర్యం తెచ్చుకునే హీరో కావాలనుకున్నాడు. 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ఆమెని మహిళా సాధికారతకి గౌరవ రాయబారిగా ప్రకటిస్తే, అక్కడి ఉద్యోగులే కొందరు ఆ డ్రెస్సుని, ఆ బొమ్మ తీరుని తప్పుపట్టారు. డిసెంబరుకల్లా ఆ హోదా ముగిసింది. గీసేవాళ్లు తలుచుకుంటే మార్చగలరు కూడా. ఏళ్ల తరబడి ఈతదుస్తుల్లాంటి డ్రెస్సులో గీసిన కెరోల్ డాన్వర్స్ అనే మరో ఆడ హీరోకి 2012లో కెప్టెన్ మార్వెల్‌గా ఒళ్లంతా కప్పే సూటు ఇచ్చారు. బలం ఏమీ తగ్గలేదు.

అయితే కాగితం మీది బొమ్మ తన బట్టలు తాను ఎంచుకోదు. మీ అమ్మాయి ఎంచుకుంది, కొలతలు తీసుకుంది, రెండు నెలలు కూర్చుని కుట్టుకుంది. గీసినవాణ్ణి అడగాల్సిన ప్రశ్న మీరు కూతుర్ని అడుగుతున్నారు. అది తనకి అన్యాయం.

ఇవాళ తను కుడుతుంటే పక్కన కూర్చోండి. ఇంతమందిలో ఈమే ఎందుకు నచ్చిందని అడగండి. ఆ బొమ్మల్ని గీసే తీరు గురించి తనేమనుకుంటోందో కూడా అడగండి. మీ ఇబ్బంది కూడా దాచుకోకండి, కానీ అది బొమ్మల మీద మీ అభిప్రాయంగా చెప్పండి, తన ఒంటి మీద తీర్పుగా కాదు. వేసుకుని చూసుకున్నాక తనకే ఇబ్బంది అనిపిస్తే మార్చుకుంటుంది. అదీ తన ఇష్టమే.

వాళ్ల నాన్నగారిని ఒక్క మాట అడగండి: చుట్టాలేమంటారోనని బాధా, ఎవరైనా ఏడిపిస్తారని భయమా? రెండోదైతే దారులున్నాయి. డ్రెస్సు బ్యాగులో పెట్టుకెళ్లి అక్కడే మార్చుకోవచ్చు, స్నేహితులతో కలిసి తిరగొచ్చు. ఎవడైనా హద్దు దాటితే నగరంలో 2014 నుంచి ఆడవాళ్ల రక్షణకి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. చుట్టాల గురించే అయితే, వాళ్ల మాట కోసం కన్నకూతురితో పది రోజులు మాట్లాడకుండా ఉండటం నాకు చాలా బాధగా అనిపిస్తోంది. ఆ మాట ఆయనకి నా మాటగానే చెప్పండి.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బెంగ కలిగించింది అబ్బాయి గురించి రాసిన ఒక్క వాక్యం. తన డ్రెస్సు తాను కుట్టుకున్న అమ్మాయికి పది రోజుల శిక్ష పడింది. ఆ బొమ్మలు చూస్తున్న అబ్బాయిని ఎవరూ పలకరించనే లేదు. ఆడవాళ్ల ఒళ్లు చూసుకోవడానికే ఉందని పిల్లలు నేర్చుకునేది ఈ వయసులోనే. ఫోన్ లాక్కుంటే దాచుకుని చూస్తాడు. వాళ్ల నాన్న వాడితో కూర్చుని, ఒక మగ హీరో బొమ్మా ఒక ఆడ హీరో బొమ్మా పక్కపక్కన పెట్టి, 'వీళ్లిద్దరినీ వేర్వేరుగా ఎందుకు గీశారంటావు?' అని అడగాలి. తిట్టకుండా, వాడు చెప్పేది చివరిదాకా వినాలి. ఒక్కసారితో తేలదు, నాలుగైదుసార్లు మాట్లాడాల్సి వస్తుంది.

కామిక్ కాన్ రోజున నాన్నగారు రానంటే మీరే తోడు వెళ్లండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి ఆటో దొరుకుతుంది. అబ్బాయినీ వెంటబెట్టుకెళ్లండి.