‘నలుగురు ఏమనుకుంటారో’ అంటాం కదా, నవలల్లో ఆ నలుగురు ఎక్కడ కూర్చుంటారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మనిషికి సమాజంతో ఉండే గొడవ, తనతో తనకే ఉండే గొడవ నవలల్లో ఎలా చూపిస్తారు, ఆ రెండూ వేరువేరా, తెలుగులో ఏవి చదవొచ్చు. నేను తెలుగు ఎమ్మే కాదు, మెకానికల్ ఇంజనీరింగు, అదీ ఐదు బ్యాక్‌లాగులతో. మాది అనంతపురం జిల్లా, ఉరవకొండ వైపు పల్లె. విమర్శకుల పద్ధతిలో చెప్పడం నాకు చేతకాదు కాబట్టి నాకు ఈ విషయం ఎలా తలకెక్కిందో అలాగే చెప్తాను, కొంచెం పొడుగైనా ఓపిక పట్టండి.

ఇంజనీరింగు అయ్యాక బెంగళూరు పోయినాను, మా జిల్లా పిల్లలందరూ పోయినట్టే. ఒక పీజీలో నలుగురం ఒకే గది. ఆ ముగ్గురికీ ఏవో ఉద్యోగాలు దొరికాయి, నాకు దొరకలేదు. ఇంటికి మాత్రం దొరికిందని చెప్పేశాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, ఫోన్‌లో అమ్మ అడిగింది, నోట్లోంచి వచ్చేసింది, అంతే. ఆ ఒక్క మాటని పద్నాలుగు నెలలు మోశాను. ట్యూషన్లు చెప్పి, రాత్రిపూట ఒక గోడౌన్‌లో లెక్కలు రాసి, నెలకింత ఇంటికి పంపేవాణ్ణి. ఉగాదికి ఊరికి వస్తూ బస్సు పెనుకొండ దాటాక బ్యాగులోంచి ఒక ట్యాగ్ తీసి మెడలో వేసుకున్నాను. కంపెనీది కాదు, నేను కొన్నాళ్లు పోయిన కోచింగ్ సెంటర్‌ది. నీలం తాడు, ప్లాస్టిక్ కార్డు, కార్డు మీద నా ఫొటో, దాని కింద చిన్న అక్షరాలతో ‘స్టూడెంట్’ అని. ఊర్లో దిగేసరికి కార్డుని చొక్కా జేబులో దోపి తాడు మాత్రం బయటికి కనిపించేలా పెట్టుకున్నాను. తమాషా ఏమంటే ఊర్లో ఎవరూ దాని ముఖమే చూడలేదు. రచ్చకట్ట మీద కూర్చున్న పెద్దాయన ఒకరు మాత్రం ‘ఏమప్పా, ఆ తాడేంది మెడలో, తాయెత్తు కట్టించుకుంటివా’ అన్నాడు.

ఆ ఎండాకాలమే డబ్బులన్నీ అయిపోయి పూర్తిగా ఇంటికొచ్చేశాను, సెలవు పెట్టానని ఇంకో అబద్ధం చెప్పి. అనంతపురంలో ఫ్రెండు గది ఉంటే వారానికి మూడు రోజులు అక్కడ, మిగతా రోజులు ఊర్లో. టౌన్‌లో ఉన్నప్పుడు పొద్దుపోక లైబ్రరీకి పోయేవాణ్ణి, ఫ్యాన్ కింద పేపర్ చదువుకోవచ్చని. అక్కడ దొరికింది రావిశాస్త్రి ‘అల్పజీవి’. సన్నగా ఉంది కదా ఒక పూటలో అయిపోతుందిలే అని తీసుకున్నాను.

పది పేజీలు చదివి మూసేశాను. కోపం వచ్చింది, నిజంగా. అందులో సుబ్బయ్య అని ఒక గుమాస్తా. ఆఫీసులో ఎవరిని చూసినా భయం, ఇంట్లో భార్య ముందు భయం, భార్య తోడబుట్టినవాడి ముందు ఇంకా భయం. ఒక కాంట్రాక్టరు దగ్గర అప్పు అడగాల్సి వస్తుంది, అడగలేడు, అడగకుండానూ ఉండలేడు. మనం సినిమాల్లో చూసే ‘సమాజంపై పోరాటం’ ఇందులో ఎక్కడా లేదు. సుబ్బయ్యని ఎవరూ ఊర్లోంచి తరమరు. అయినా లోకమంతా అతని మీద కూర్చుని ఉంటుంది. ఎలాగంటే, ఎదుటివాడు మామూలుగా ఒక మాట అంటే దాన్ని అతను లోపలికి తీసుకుని పదిసార్లు తిప్పి తిప్పి తనకి తిట్టుగా మార్చుకుంటాడు. రావిశాస్త్రి ఆ తిప్పుకోవడాన్నే రాశాడు. క్లాసులో చైతన్య స్రవంతి అని చెప్తారే, అది ఇదే. పేరు పెద్దది గానీ విషయం చాలా మామూలు: మనం రచ్చకట్ట ముందు నుంచి నడిచిపోతున్నప్పుడు తలలో ఏం నడుస్తుందో దాన్ని ఆపకుండా కాగితం మీద పెట్టడం.

రెండు రోజులకి మళ్లీ పోయి అదే పుస్తకం అడిగి తీసుకున్నాను.

అందుకే మీ ప్రశ్నలోని మొదటి ముక్కకి నా జవాబు ఏమంటే, నాకు నచ్చిన నవలల్లో ఈ రెండు గొడవల్నీ విడదీయలేం. సమాజం బయట గోడలాగా నిలబడి, హీరో పోయి దాన్ని గుద్దడం అనేది చూడ్డానికి బాగుంటుంది, కానీ అది చదివి నాకు నిద్ర చెడిపోయింది ఎప్పుడూ లేదు. ‘నలుగురు ఏమనుకుంటారో’ అంటాం కదా, ఆ నలుగురి పేర్లు చెప్పమంటే ఎవరం చెప్పలేం. మంచి నవలాకారుడు ఆ నలుగురినీ తెచ్చి ఎక్కడ కూర్చోబెట్టాడో చూడండి, మీకు సగం పని అయిపోయినట్టే.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో వాళ్లు సీతారామారావు నోట్లోనే కూర్చున్నారు. ఆస్తి పోగొట్టుకుని, ఉద్యోగంలో కుదురుకోలేక, ప్రతివాడితో వాదిస్తూనే ఉంటాడు. మనుషుల గురించి, పెళ్లి గురించి, లోకం గురించి. చదువుతుంటే మొదట తెలివైనవాడు అనిపిస్తుంది, కొన్నాళ్లకి ఈ మనిషి వాదించేది ఎదుటివాళ్లతో కాదే అని అర్థమవుతుంది. ఆఖరికి శ్మశానంలో తనతో తానే కలబడి చచ్చిపోతాడు. 1940లలో తెలుగులో ఒక మనిషి చావుని అట్లా రాయడమంటే చిన్న సంగతి కాదు. గోపీచంద్ తండ్రి త్రిపురనేని రామస్వామి పెద్ద హేతువాది, ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకు ఈ నవలని తండ్రికే అంకితం ఇచ్చాడు. ఆ అంకితం చదివి, తర్వాత నవల చదివి, మళ్లీ వెనక్కొచ్చి అంకితం చూడండి. ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అని అడిగీ అడిగీ మనిషి ఏమైపోయాడో రాసిన పుస్తకాన్ని, ఆ ప్రశ్న నేర్పినాయనకే ఇచ్చాడు. అది ప్రేమా, ఫిర్యాదా అని నేనూ మా ఫ్రెండూ ఒక రాత్రంతా కొట్లాడుకున్నాం. వాడు ప్రేమే అంటాడు. నాకు ఇంకా అనుమానమే.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, మా జిల్లా అభిమానం కూడా ఉంది లెండి. ఆయన అనంతపురంలో ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేశాడు. ఈ నవల 1946-47లో సీరియల్‌గా వచ్చినప్పుడు పేరు ‘ఏకాంతం’. హీరో దయానిధి డాక్టరు. వాళ్లమ్మ గురించి ఊర్లో ఏదో చెడ్డమాట ఉంటుంది. ఏం జరిగిందో రచయిత మనకి తేటగా చెప్పడు, అక్కడే ఉంది కిటుకంతా. తల్లి చచ్చిపోయినా ఆ మాట చావదు, కొడుకు ఎక్కడికి పోతే అక్కడికి వెంటబడి వస్తుంది, ఆడవాళ్లతో అతని సంబంధాల్లోకి దూరుతుంది, పెళ్లిలోకి దూరుతుంది. ఊరు అంటున్నది నమ్మాలా, అమ్మ మీద ప్రేమని నమ్మాలా అన్నది తేల్చుకోలేకే సగం జీవితం పోతుంది. ఆ బాధలన్నీ వదిలించుకుందామని మా అనంతపురం వైపు వస్తాడు, ఇక్కడ వజ్రం దొరికి డబ్బున్నవాడూ అవుతాడు. డబ్బొస్తే ఊరి నోరు మూతపడుతుందా అంటే, పడదు.

నిజం చెప్పాలంటే ఆ నవలలో నాకు విసుగొచ్చే చోట్లు చాలా ఉన్నాయి. వచ్చిన ప్రతి ఆడమనిషీ దయానిధి ముందు కూర్చుని సౌందర్యం గురించి మాట్లాడాల్సిందేనా అనిపిస్తుంది. కోస్తా నుంచి వచ్చిన డాక్టరు మా నేలని చూసే చూపులో కూడా ఒక దూరం ఉంది, ఇక్కడి రాళ్లు కనిపించినంతగా మనుషులు కనిపించరు. అయినా ఆ తల్లి విషయం మాత్రం వదలదు. పరీక్ష కోసం చదువుతుంటే పాత్రల పేర్లు రాసుకోండి, మీ కోసం చదువుకుంటుంటే వాళ్లమ్మ ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోండి. నేనట్లే చేశాను (లైబ్రరీ పుస్తకంలో, తప్పే).

మా ఫ్రెండు ఒక మాట అంటుండేవాడు: ఇదంతా కడుపు నిండినోళ్ల గొడవరా, రాయలసీమ కరువులో మనిషికి తనతో తాను కొట్లాడుకునే తీరిక యాడిది, అందుకే మన నవలల్లో నీళ్లు, కులం, ఫ్యాక్షన్ ఉంటాయి గానీ మనసు ఉండదు అని. నేనూ కొన్నాళ్లు అదే నమ్మాను. తర్వాత చిత్తూరు జిల్లా వాడైన కేశవరెడ్డి ‘మూగవాని పిల్లనగ్రోవి’ చదివాను. బక్కిరెడ్డి అనే రైతు, చేతిలోంచి భూమి పోతుంది. కథ ఇంతే అంటే ఇంతే. కానీ అతనికి భూమి ఆస్తి కాదు, ఒంట్లో ఒక భాగం, అది తెగిపోయాక మనిషి మనిషిగా ఉండడు. అప్పులు బయటివి, కాగితాలు బయటివి, పిచ్చి మాత్రం లోపలిది. మరి మనసు లేదని ఎలా అంటాం? రైతు తన మనసు గురించి ‘నా మనసు’ అని మాట్లాడడు, అంతే. బోరులో నీళ్లు పడలేదు అంటాడు. మా నాయన మూడు బోర్లు వేయించి మూడూ ఎండిపోయాక ఆర్నెల్లు ఎవరింటికీ భోజనానికి పోలేదు. అడిగితే పళ్లు నొప్పి అనేవాడు.

కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ ఇంకా నాకు దగ్గర. చదువుకుని ఉద్యోగం దొరక్క, నలుగురి ముందు నోరు పెగలక వెనక్కి వచ్చిన కుర్రోడు, కరువుకి గొర్రెల్ని తోలుకుని నల్లమలకి పోతాడు, అడవిలో వారాల తరబడి ఉంటాడు. సినిమా కూడా వచ్చింది 2021లో, చూడకపోయినా పర్లేదు, నవల చదవండి. ఇంటర్వ్యూలో నోరు తెరవలేనివాడికి పులి ఉన్న చోట భయం ఎలా తగ్గుతుందబ్బా అని మొదట నవ్వొచ్చింది. పులి మనల్ని చూసి ఏమీ అనుకోదు కదా, అందుకేమో.

చలం ‘మైదానం’ లాంటివి కూడా ఈ లెక్కలోకి వస్తాయి, 1927లోనే మొగుణ్ణి వదిలి లేచిపోయిన ఆడమనిషి చేత తన కథ తానే చెప్పించాడు. నవీన్ ‘అంపశయ్య’ అయితే ఉస్మానియా హాస్టల్లో ఒక కుర్రోడి ఒకే ఒక్క రోజు. అది చదివేటప్పుడు మాత్రం మీరు కూడా ఖాళీగా ఉండాలి, ఉద్యోగం చేస్తూ చదివితే ఎక్కదు.

ట్యాగ్ సంగతి మధ్యలో వదిలేశాను. జూన్‌లో విత్తనానికి బుడ్డలు (వేరుశనక్కాయలు) ఒలుస్తున్నాం, నేనూ నాయనా ఎదురెదురుగా కూర్చుని. బొటనవేలు వాచిపోయింది నాకు, అలవాటు తప్పి. ఉన్నట్టుండి ‘ఆ నీలం తాడు పారేయప్పా, దాని మీద స్టూడెంట్ అని రాసుండాది’ అన్నాడు, తల ఎత్తకుండా. నాయన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడని అప్పటిదాకా నాకు తెలీదు. ఉగాదినాడు నా చొక్కా ఉతకడానికి వేస్తూ జేబులో చూశాడంట. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. నేనేం మాట్లాడలేక గింజలు ఒలుస్తానే ఉన్నా. తర్వాత తెలిసింది ఇంకొకటి, ఈ రెండు నెలల్లో ఆయన రచ్చకట్ట మీద కూర్చుని నాకు ప్రమోషన్ వచ్చిందని చెప్పొచ్చాడు! నేను ఎవరికి భయపడి అబద్ధం చెప్పానో ఆ మనిషే, అన్నీ తెలిసి, ఇంకెవరికో భయపడి నాకంటే పెద్ద అబద్ధం చెప్పాడు. ‘అల్పజీవి’ని మూడోసారి అప్పుడు చదివాను, ఈసారి సుబ్బయ్య భయపడే వాళ్లందరినీ చూస్తూ. వాళ్లెవరికి భయపడుతున్నారా అని వెతుక్కుంటూ.

ఇప్పుడు నేను అనంతపురంలో డ్రిప్ పైపుల షాపులో పని చేస్తున్నా, పల్లెలకి బండి మీద పోతుంటా. పోయినేడు జూన్‌లో తొలకరి పడిన రెండోరోజు వజ్రకరూరు మీదుగా వస్తున్నాను. తెలుసు కదా, అక్కడ వానపడితే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేలల్లో వజ్రాల కోసం వెతుకుతారు, తలలు దించుకుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా. రోడ్డు పక్కన చేనులో ఒకాయన, ఇస్త్రీ చొక్కా, వీపుకి ల్యాప్‌టాప్ బ్యాగు, ముఖానికి టవల్ చుట్టుకుని వంగి మట్టి చూస్తున్నాడు. బండి ఆపి ‘ఏమన్నా, ఏమైనా చిక్కిందా’ అన్నాను. గబుక్కున నిలబడి చేతులు దులుపుకున్నాడు.

‘ఏం లేదప్పా, ఊరికే వచ్చినా. బండిలో పెట్రోలు అయిపోయింటే’ అన్నాడు. చుట్టూ చూశాను, బండి ఎక్కడా లేదు. సరేలే అన్నా అని వచ్చేశాను.