పొట్టలో అయోర్టా వాపు: 68 ఏళ్ల అమ్మకు స్కాన్ అవసరమా?

మీరు అడిగింది: అమ్మకు 68, బీపీ ఉంది, సిగరెట్ అలవాటు లేదు. మేనమామగారికి పొట్టలోని అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) ఉబ్బితే ఆపరేషన్ అయింది. చెన్నైలో అమ్మకు స్కాన్ చేయించాలా?

ఒక్కసారి పొట్ట అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించండి. మేనమామ అంటే అమ్మకు తోడబుట్టినవాడు, అసలు కారణం అదే. అన్యూరిజం, అంటే ఈ వాపు, ఆడవాళ్లలో అరుదు. ఇంగ్లండులోని చిచెస్టర్ అధ్యయనంలో మగవాళ్లలో 7.6 శాతం మందికి ఉంటే ఆడవాళ్లలో 1.3 శాతానికే కనిపించింది. బ్రిటన్ 65 ఏళ్లకు మగవాళ్లనే స్కాన్‌కు పిలిచేది అందుకే. ఎవరికి ఏ ముందస్తు పరీక్ష చేయాలో చెప్పే అమెరికా నిపుణుల బృందం (టాస్క్ ఫోర్స్) 2019లో, పొగ తాగని, కుటుంబంలో ఎవరికీ లేని ఆడవాళ్లకు వద్దంది. కుటుంబంలో ఉంటే మాత్రం ‘ఆధారాలు చాలవు’ అని ఆగింది. అక్కడి వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ల సంఘం తోబుట్టువులకు ఉంటే 65–75 మధ్య చేయించమంటుంది. నాది ఈ రెండో పక్షం.

సిగరెట్ లేదన్నారు సరే, చుట్ట సంగతి అడిగారా? శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దావిడలు అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగినా ‘పొగ అలవాటు లేదు’ అనే చెబుతారు. పదేళ్ల క్రితం మానేసినా అది లెక్కలోకి వస్తుంది.

మాస్టర్ హెల్త్ చెకప్‌లో పొట్ట స్కాన్ అయిపోయిందిగా అని వదిలేయకండి. ఆ రిపోర్టుల్లో లివర్, కిడ్నీల గురించి ఉంటుంది, అయోర్టా కొలత చాలాసార్లు ఉండదు. జెల్ రాయకముందే అడగండి: కిడ్నీ నాళాల కింద అయోర్టా ఎంత వెడల్పు, బయటి గోడ నుంచి బయటి గోడకు, సెంటీమీటర్లలో. లోపలి గోడలు పట్టుకుంటే కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది. పొట్టమీద ఆనించే స్కాన్ పరికరం (ప్రోబ్) ఏటవాలుగా పడితే ఎక్కువ చూపిస్తుంది. అందుకే తర్వాతి స్కాన్లు కూడా అదే సెంటర్లో చేయిస్తే మేలు. ఆరు నుంచి ఎనిమిది గంటలు పరగడుపున వెళ్లాలి, పొద్దున ఫిల్టర్ కాఫీ కూడా వద్దు. బీపీ మాత్ర రెండు గుక్కల నీళ్లతో వేసుకోవచ్చు. గ్యాస్ అడ్డొచ్చి కనబడలేదంటే మరో రోజు మళ్లీ చేయించండి, వెంటనే సీటీకి పరిగెత్తక్కర్లేదు.

3 సెంటీమీటర్లు దాటితే అన్యూరిజం అంటారు. కానీ ఆడవాళ్ల అయోర్టా మామూలుగా 2 లోపే ఉంటుంది కాబట్టి 2.6 వచ్చినా ఆ రిపోర్టు భద్రంగా ఉంచి డాక్టర్‌కు చూపించండి. 3.0–3.9 అయితే మూడేళ్లకోసారి, 4.0–4.9 అయితే ఏటా స్కాన్. మగవాళ్లకు 5.5 దగ్గర ఆపరేషన్ మాట వస్తే, ఆడవాళ్లకు 5.0 దగ్గరే రావాలి. అదే సైజులో పగిలే ముప్పు వీళ్లకు దాదాపు మూడు రెట్లు. అయోర్టా నుంచి కాళ్ల వైపు వెళ్లే ఇలియాక్ నాళాలు సన్నగా ఉండటంతో, వాపును లోపలి నుంచి కప్పే స్టెంట్ గొట్టాన్ని తొడ నుంచి పంపడం కూడా కష్టమవుతుంది. రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది.

వాపు ఉందని తేలాక ఎప్పుడైనా హఠాత్తుగా నడుమునొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే అది పగిలిందేమోనని 108కి ఫోన్ చేయండి. కిడ్నీ రాయి అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపేసే ప్రమాదం ఉంది. క్యాజువాలిటీలో మొదటి మాటగా ‘అయోర్టా అన్యూరిజం ఉంది’ అని చెప్పి పాత స్కాన్ చేతికివ్వండి.